చాప మీద చెప్పిన మాట

ఇన్నేళ్లూ ఒక మాటను లోపలే మోశాను. ఎవరితోనూ అనలేదు. మీరెవరో నాకు తెలియదు కనుకనే మీతో అంటున్నాను.

మాది జగిత్యాల వైపు దొరల కుటుంబం. రైతుకూలీ సంఘాలు దొరల మీద తిరగబడ్డ కాలంలో ఊరు విడిచాం. భూములు పోయాయి, నిటారు నడక మాత్రం నాకు మిగిలింది. సిరిసిల్లలో వయోజన బడుల పంతుళ్లకు శిక్షణ ఇచ్చే పనిలో చేరాను. వీసీఆర్‌లో సినిమా వేసి, మధ్యలో ఆపి, "ఈ గుంపులో మీరెవరు?" అని అడిగేవాణ్ని. అందరూ చాప మీద గుండ్రంగా కూర్చుని నిజం చెప్పాలి. ఇక్కడి మాట గడప దాటకూడదన్న నియమం పెట్టింది నేనే.

ఒకరోజు తెర మీద, ఊరంతా చూస్తుండగా ఒకణ్ని కొడుతున్నారు. ఆపాను. పగలు నేతపని చేసి రాత్రి బడి నడిపే మల్లేశం ముందుగా నోరు విప్పాడు.

"తలుపు సాటుకు నిలవడ్డోన్ని సార్. అన్నలచ్చి బువ్వడిగితే పెట్టిన. పోలీసోళ్లడిగితే ఎవ్వలు రాలేదన్న. ఇద్దరికీ భయపడ్డ." నా వైపు తిరిగి, "మరి మీరెవ్వలు సార్?" అన్నాడు.

పక్కనే ఉన్న అతని దోస్తు గంగారాం నవ్వాడు. "గది గూడ అడుగుతవార? అందరం సాపల కూసుంటే సారొక్కడే కుర్సీల కూసున్నడు. కనవడ్తలేదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ల సరసన నేల మీద కూర్చోవాలని అంతవరకూ నాకు తోచనే లేదు.

ఆ వారమే జగిత్యాలలో ఒక పోలీసు అధికారి నన్ను "దొరా" అని పిలిచాడు. ఎన్నేళ్లకు విన్నాను ఆ పిలుపు! శిక్షణలో ఏం మాట్లాడుకుంటారని మర్యాదగానే అడిగాడు. నక్సలైట్లకు మల్లేశం అన్నం పెట్టిన సంగతి చెప్పేశాను. భయపడి చెప్పానా? భయమైతే ఇంత సిగ్గు ఉండేది కాదు. నన్ను చూసి నవ్వినవాళ్లకు బుద్ధి రావాలనుకున్నాను. ఇంత జరుగుతుందనుకోలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఆ రోజుల్లో ఠాణాలో ఏం జరిగేదో తెలియనిదెవరికి?

పోలీసులు పట్టుకెళ్లిన మల్లేశం పది రోజులకు తిరిగొచ్చాడు. వేళ్లు వంగడం లేదు. తెగిన పోగు ముడి వేయలేకపోయాడు. గంగారామే చెప్పాడా అని వచ్చి నన్నే అడిగాడు. నేను తల దించుకున్నాను. దాన్ని అవునని అనుకున్నాడు. అనుకోనిచ్చాను.

ఇన్ఫార్మర్ అన్న పేరు పడితే ఆ కాలంలో అన్నలు బతకనిచ్చేవారు కారు. గంగారాం పెళ్లాంపిల్లలతో కోరుట్ల పారిపోయి, మగ్గం వదిలి, బస్తాలు మోసి, అక్కడే పోయాడు. అతని చావుకు కూడా మల్లేశం వెళ్లలేదు.

క్షమించమని అడగను. నా పేరు రాసే ధైర్యం ఇప్పటికీ లేదు. కానీ వాళ్ల పేర్లు మార్చలేదు. మల్లేశం చదివితే గుర్తుపట్టాలి. ఇంతవరకు రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది.

చెప్పింది గంగారాం కాదు. నేను.