నిమిషం గడిలో నక్షత్రం

ఈ రోజు ఒక పెద్దాయన మీద నింద వేసి, దాన్ని వెనక్కి తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను.

మా ఆఫీసుకి కొత్తగా వచ్చిన యూనిక్స్ కంప్యూటరులో, చెప్పిన టైముకి చెప్పిన పని దానంతట అదే చేసే ఏర్పాటుంది. క్రాన్ అంటారు. మా గుమస్తా అప్పలస్వామి గారు శనివారం శనివారం చేత్తో రాసే షిఫ్టు డ్యూటీ లిస్టుని, ఇకమీదట మధ్యాహ్నం ఒంటిగంటకి ప్రింటరే కొట్టేలా నిన్న పెట్టాను. ఆయన ముందు గొప్పలు కూడా పోయాను.

ఒంటిగంటకి లిస్టు వచ్చింది. నిమిషం తర్వాత మళ్లీ అదే లిస్టు, ఆ తర్వాత మళ్లీ. కాగితం నేలంతా పరుచుకుంటుంటే మా ఆఫీసరు సాబు వచ్చి, "యే కిస్‌నే కియా?" అని, ఇదెవరి పనని హిందీలో అడిగారు. అప్పలస్వామి గారు ఏదో మీట నొక్కినట్టున్నారని నా నోటి నుంచి వచ్చేసింది.

"నానేటీ ముట్టుకోనేదు బాబూ" అన్నారాయన. సాబు ఆయన్నే కసిరి వెళ్లిపోయారు.

అప్పుడు చూసుకున్నాను. క్రాన్‌కి టైము చెప్పే వరసలో, నిమిషం గడిలో సున్నా పెట్టాల్సింది, నక్షత్రం గుర్తు పెట్టాను. అంటే, ప్రతి నిమిషమూ కొట్టమని. చప్పుడు చేయకుండా దిద్దేశాను.

సాయంత్రం గోల్‌మురి కూడలి దాకా సైకిళ్ల మీద కలిసే వచ్చాం. విడిపోయే చోట ఆయన, "నాను దగ్గర కూకున్నందుకే పాడైపోనాదేమో బాబూ. సోమారం నుంచి దూరంగా కూకుంటాను" అన్నారు.

నేను సరేనన్నట్టు తలూపాను.

మిషన్లో తప్పు దిద్దడానికి నాకు అర నిమిషం పట్టింది. ఈ తలూపుడుని ఎలా దిద్దాలో తెలిసినవాళ్లుంటే చెప్పండి.