సగం ఆరిన కథ

నా చిన్నప్పుడు జరిగిన సంగతి ఇది. అన్నం తినే చేత్తో ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పితం కాదు.

రోజూ బడి వదలగానే టీవీలో జపాన్ బొమ్మల సీరియల్ వచ్చేది. నా ఈడు పిల్లాడొకడు ఇనుప మరమనిషిలో కూర్చుని, చుక్కల మధ్య తప్పిపోయి, తన ఇల్లున్న గ్రహం కోసం వెతుక్కుంటూ ఉంటాడు. మాటలు హిందీలో. నాకొచ్చిన హిందీ పావలా వంతు, మిగతా ముప్పావలా నా సొంతం. చూసిన వెంటనే మా మిరప కల్లానికి పరిగెత్తి, రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న కూలీలకు చెప్పేవాణ్ణి. శత్రువుల ఓడ మీద మన గుంటూరు కారం చల్లించింది నేనే.

ఎగువ ఊళ్ల నుంచి వచ్చి కల్లం పక్కనే గుడారంలో ఉండే పెద్దమ్మ ఒకామె రోజూ అదే అడిగేది: "ఏరా అబ్బాయా, చేరాడా ఇంటికి?" ఆమె కొడుకూ నా ఈడువాడే. వాణ్ణి ఊళ్లో వాళ్ల ముసలమ్మ దగ్గర వదిలి పనికొచ్చింది. తిరిగి వెళ్లాక కథంతా వాడికి చెబుతానని దాచుకుంటోంది.

కోతలు ముగిసిన రోజే సీరియల్ కూడా ముగిసింది. పిల్లాడు ఇంటి గుమ్మం దాకా వచ్చాడు. తలుపు తెరుచుకుంది. తెల్లటి వెలుగు. అంతే, పేర్లు పడ్డాయి! రెండు నెలలు మమ్మల్ని వెంట తిప్పుకుని, లోపల అమ్మ ఉందో లేదో చూపించకుండా పోతాడా ఆ కథ కట్టిన జపాన్ వాడు? మొన్న మా అమ్మాయి ఫోనులో మళ్లీ చూశాను. అదే గుమ్మం, అదే వెలుగు, నాకు అదే మంట.

ఆ రోజు పళ్లు కొరుక్కుంటూ కల్లానికి వెళ్లాను.

"చేరాడా?"

"తెలీదు పెద్దమ్మా. చూపించలేదు."

"చూపించకపోతే? రేపు పొద్దున్నే మా బండి. మావాడికేం చెప్పనురా? సగం ఆరిన కాయ బస్తాకెత్తితే ఏమవుద్ది?"

"బూజు పడుద్ది."

"మరి? వాడెవడో ఆరబెట్టకపోతే నువ్వు ఆరబెట్టు!"

అప్పుడు చెప్పాను. లోపల వాళ్లమ్మ ఉందని, చెవి మెలేసి ఇన్నాళ్లూ ఎక్కడ తిరిగావురా అని తిట్టిందని, గోంగూర పచ్చడితో అన్నం కలిపి పెట్టిందని. పెద్దమ్మ ఆ మాటల్ని రెండుసార్లు పైకి అనుకుని గుర్తుపెట్టుకుంది.

ఇక ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. ఆ చెవి మెలెయ్యడం, ఆ గోంగూర అన్నం, అన్నీ తర్వాత అల్లినవి. నిజానికి ఆ సాయంత్రం తాలుకాయల గంప తన్నేసి, "నాకేం తెలుసు, కథ కట్టినోణ్ణే పోయి అడుక్కో" అని అరిచి ఇంటికొచ్చేశాను. తెల్లారేసరికి ముగింపు తట్టింది. పరిగెత్తాను. గుడారం లేదు, మూడు పొయ్యిరాళ్లున్నాయి.

అప్పటి నుంచి ఎన్ని కోతలైనా కోస్తాను గానీ, ఎవర్నీ గుమ్మం దాకా తీసుకెళ్లి వదిలెయ్యను. ఆ జపాన్ వాడి మీద కోపం ఇంకా చల్లారలేదు. కాకపోతే, ఊళ్లో పెద్దమ్మ కొడుకు "చేరాడా అమ్మా?" అని అడిగి ఉంటాడు కదా, అది తలుచుకున్నప్పుడు వచ్చే కోపం మాత్రం జపాన్ వాడి మీద కాదు.