బండి తోలేవాడి అన్నం

జూలై నెల, రెండో ఆదివారం, సాయంత్రం. బెంగళూరు, మారతహళ్ళిలో మా ఫ్లాటు. ఉన్నవారు: నేను, నా భార్య, మనవరాలు. బయట వాన.

ఆనాటి డైరీలో నేను రాసుకున్నది ఇంతే. మిగతాది గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

మనవరాలు ఒక వార్తాఛానెల్లో విలేకరి. చిన్నప్పటి నుంచీ మా దగ్గరే పెరిగింది. మరునాడు యుద్ధం జరుగుతున్న దేశానికి బయలుదేరాలి. నాకు నిజం చెప్పింది గాని, అవ్వకు మాత్రం ఢిల్లీలో మీటింగు అని చెప్పింది. అబద్ధంతో గడప దాటడం తనకే నచ్చలేదు. అందుకని ఒక హిందీ సినిమా పెట్టింది. ఇద్దరు విలేకరులు అద్దె జీపులో యుద్ధభూమి గుండా వెళ్ళే కథ.

"ముందు ఈ పని ఎలా ఉంటుందో అవ్వను చూడనీ తాతా. సగంలో ఆపి చెప్పేస్తా" అంది నా చెవిలో.

నా భార్యది దొడ్డబళ్ళాపురం. హిందీ రాదు. ఏ హిందీ సినిమా అయినా నేను పక్కన కూర్చుని మాట మాటా తెలుగులో చెప్పడం మా అలవాటు. ఆ రోజు ఉన్నదున్నట్టు చెప్పడానికి నాకు నోరు రాలేదు. తెర మీద ఒకడు వాళ్ళ జీపుకు అడ్డంపడి అరుస్తున్నాడు.

"ఏమంటాండాడు?"

"దారి అడుగుతున్నాడు."

"గొంతుకు తుపాకి పెట్టి అడుగుతారా దారి?" అని మనవరాలి వైపు తిరిగింది. "మీ తాత సగం మింగుతాండాడు. నువ్వు చెప్పు పాపా."

"దిగకపోతే కాల్చేస్తా అంటున్నాడవ్వా."

నా భార్య చెక్కలాంటి నిప్పట్టు తుంచి, తినకుండా చేతిలోనే పెట్టుకుంది. "నువ్వు పొయ్యేది ఇట్లాంటి ఊరికేనా?"

పిల్ల సినిమా ఆపింది. "నీకెలా తెలుసు?"

"నీ బ్యాగు సర్దింది ఎవరే? దెబ్బలకు కట్టే గుడ్డలు అన్ని ఏంటికి? మీటింగులో కొట్టుకుంటారా?"

నాకు నవ్వొచ్చింది. వాళ్ళిద్దరికీ రాలేదు.

"సారీ అవ్వా. నువ్వు వద్దంటే ఇప్పుడే ఫోన్ చేసి క్యాన్సిల్ చేస్తా."

నా భార్య తెర మీద ఆగిన బొమ్మనే చూస్తోంది. అందులో డ్రైవరు ముఖం సగమే కనిపిస్తోంది.

"ఇంతసేపూ చూస్తాండా. వాళ్ళిద్దరూ రొట్టె తిన్నారు, టీ తాగినారు. బండి తోలే ఆయప్పకు ఒక్కరన్నా పెట్టలేదు."

ఆమె పుట్టింట్లో నేసిన చీరలు అమ్మకానికి తీసుకువెళ్ళే బండి కదలాలంటే, ముందు తోలేవాడు కడుపునిండా తినాలి. అతను చెయ్యి కడుక్కున్నాకే ఎవరైనా బండి ఎక్కేది. మా పెళ్ళినాడు బండివాడి భోజనం అయ్యేదాకా నేనూ అలాగే గుమ్మంలో నిలబడ్డాను.

"మిగతాది పెట్టు" అంది. చివరిదాకా చూసింది. పొమ్మనలేదు, వద్దనలేదు. మనవరాలు అవ్వ మాట కోసం చూసి చూసి, ఫోను చేతిలో పట్టుకునే నిద్రపోయింది.

మరునాటి ఉదయం క్యాబు రాగానే నా భార్య డ్రైవరును పైకి పిలిపించింది. ఇడ్లీలు పెట్టింది. అతను చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి "సాకమ్మా" అంటున్నా మరో రెండు వేసింది. మనవరాలు టైము చూసుకుంది గాని గుమ్మంలోనే నిలబడింది. అతను చెయ్యి కడుక్కున్నాక, నా భార్య రెండు నిప్పట్ల పొట్లాలు బ్యాగులో పెట్టింది.

"ఒకటి నీకు. ఇంకోటి ఆడ నీ బండి తోలేవాడికి. ఆయప్ప తిన్నాకే ఎక్కు. పేరేందో కనుక్కొని నాకు ఫోన్ చెయ్యి."

పిల్ల తల ఊపి అవ్వ భుజంలో ముఖం దాచుకుంది. నేను సూట్‌కేసు లాక్కుని వెళ్ళి లిఫ్టు బటన్ నొక్కాను.