అద్దం మీది హూవర్

అయోవాలోని ఆ చిన్న ఊళ్ళో మంగలి ఆర్విడ్ షాపు అద్దం పైన అమెరికా మాజీ అధ్యక్షుడు హూవర్ ఫొటో ఉండేది. ముప్పై రెండు ఎన్నికల్లో హూవర్ ఓడిపోయిన మర్నాడే దాన్ని తగిలించాడు. గెలిచినవాడి ఫొటో ఎవడైనా పెడతాడనేవాడు. మాంద్యంలో బ్యాంకు మూతపడి తన సొమ్ము పోయినా దాన్ని దించలేదు.

బావమరిది క్లెటస్ ప్రతి శనివారం వచ్చి, మొహం నిండా నురుగుతో ఆ ఫొటోని తిట్టేవాడు.

"జనం పస్తులుంటే, సర్కారు సాయం చేస్తే సోమరులవుతారన్నాడు. అదీ నీ దేవుడు, బావా."

"మొదటి యుద్ధంలో బెల్జియంలో లక్షలమందికి రొట్టె పెట్టినవాడురా. కదలకు, చెవి తెగుద్ది."

పంధొమ్మిది వందల యాభై నాలుగు చలికాలంలో రైతుల హాలులో వాదన పెట్టారు. మాంద్యంలో హూవర్ విఫలమయ్యాడా, లేదా? క్లెటస్ పందెం కాశాడు: అయ్యాడని హాలు తేలిస్తే ఫొటో దిగాలి, కాలేదంటే తాను ఇక అతణ్ణి పల్లెత్తు మాట అనడు. ఆర్విడ్ సరేనన్నాడు. తర్వాత వాదించాల్సిన ఈ ఇద్దరూ ఆనవాయితీ ప్రకారం టోపీలోంచి చీటీలు తీశారు. ఏ పక్షం వస్తే ఆ పక్షమే వాదించాలి. హూవర్‌ని తిట్టే వంతు ఆర్విడ్‌కి, వెనకేసుకొచ్చే వంతు క్లెటస్‌కి వచ్చాయి.

"నసిగి దిగిపో. ఫొటో దక్కుద్ది," అంది భార్య సెల్మా.

"చీటీ తీశాక నసగడమేంటే?"

ఇన్నేళ్ళూ హూవర్‌కి కట్లు కట్టినవాడికి గాయాలెక్కడున్నాయో తెలియదా? వద్దని ఆర్థికవేత్తలు మొత్తుకున్నా దిగుమతి సుంకాలు పెంచే చట్టం మీద సంతకం పెట్టడం, బోనస్ అడగొచ్చిన పాత సైనికుల్ని రాజధానిలోంచి తరిమించడం, అన్నీ విప్పాడు. ఫొటో పోయినట్టేననుకుంటూ దిగాడు.

క్లెటస్ లేచి గొణిగాడు.

"చర్చిలో కునుకు తీసి లేచినట్టున్నావే," అన్నారెవరో వెనకనుంచి.

అంతే, క్లెటస్‌కి రోషమొచ్చింది. మంగలి కుర్చీలో విన్నవన్నీ, చేతిలో కత్తి ఉన్నట్టే వేలు ఆడిస్తూ, ఆర్విడ్ గొంతుతోనే అప్పజెప్పాడు: ఇరుగుపొరుగు ఆదుకోవాలని నమ్మాడు, బ్యాంకుల్ని నిలబెట్టడానికి సంస్థ పెట్టాడు, అంతటి గండం అంతకుముందు ఎవరు చూశారు? నాలుగు చేతులు ఎక్కువ లేచి హూవర్ గట్టెక్కాడు.

శనివారం క్లెటస్ మాట ప్రకారం నోరు మూసుకుని కూచున్నాడు. ఆర్విడ్ కత్తి ఆపి ఫొటో వంక చూశాడు.

"ఆ సుంకాల సంతకం మాత్రం పెట్టకుండా ఉండాల్సిందిరా."

"నేనేం అన్లేదు, బావా."

"నేనే అంటున్నా. మొండోడు."

క్లెటస్ నురుగులోంచి ఒక కన్ను తెరిచాడు.

"ఊరికే అనకు. అప్పుడాయన చుట్టూ ఎంత ఒత్తిడి ఉందో నీకేం తెలుసు?"

"కదలకు," అన్నాడు ఆర్విడ్ హాయిగా. "చెవి తెగుద్ది."