గంజి పూట మూసిన తలుపులు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. రాజధాని మన కర్నూలేనని, అప్పట్లో కర్నూలు జిల్లాలోనే ఉన్న మార్కాపురం తాలూకాలో అందరూ సంబరపడ్డారు గానీ, వాన మాత్రం ఆ సంబరానికి రాలేదు. కొనకనమిట్ల అవతల ఒక మెట్ట ఊళ్లో సర్కారు తెరిచిన గంజి కేంద్రానికి నన్ను ఇన్‌చార్జిగా వేశారు.

పని పద్ధతి కాగితం మీద బ్రహ్మాండంగా ఉండేది. జొన్నలు రైల్లో మార్కాపురం రోడ్డు స్టేషనుకు, అక్కణ్ణుంచి లారీలో కొనకనమిట్లకు, అక్కణ్ణుంచి బండ్ల మీద ఊరికి. ఎవరి పని ఏమిటో, ఎవరి మీద ఎవరో అంతా రాసి ఉంది. తీరా చూస్తే బండి కట్టే ఎద్దులకే మేత లేదు. ముందు గడ్డి పంపండి, తర్వాత జొన్నలు పంపండి అని పోట్లాడి తెప్పించుకున్నాను. అక్కడికి గొప్ప పని చేశాననే అనుకున్నాను.

గంజి కాగింది. కూలీలు, పశువులు కాసేవాళ్లు వచ్చి తాగారు. నా బస ఎదురింటి అవ్వ మాత్రం రాలేదు. కొడుకు గొర్రెలు తోలుకుని నల్లమలకు పోయాడు, ఇంట్లో ఆమె ఒక్కతే. పొద్దున "లేచినావా నాయనా" అని నవ్వే మనిషి, మధ్యాహ్నం గంజికి పిలవబోతే తలుపు వేసేది. ఆమె ఒక్కతేనా? రైతుల ఇళ్లున్న ఆ వీధి మొత్తం అంతే. బువ్వ వేళకు నేను కనబడితే చాలు, గడియలు పడేవి. ఊరు కాని ఊళ్లో, అందరికీ గంజి పోయించే నేను ఒక్కణ్ణే కూర్చుని తినేవాణ్ణి. ముద్ద దిగేది కాదు.

అవ్వ రోజురోజుకూ చిక్కిపోతోంది. ఒకనాడు కోపం ఆగక తలుపు బాదాను. "నేనేం పాపం చేసినానవ్వా? నా మొహం మీద తలుపేస్తావేంది?"

కొంచెం తీసింది. "నీ మీద కోపమా నాయనా! బువ్వ పూట గడపలోకొచ్చిన మనిషిని తిందువు రా అనాల. అనేదానికి ఇంట్లో ఏముంది? అనలేక తలుపేసుకుంటాం. ఒకరికి పెట్టలేని దాన్ని, పోయి వరసలో కూచోని ఎట్ల తాగేది?"

మరునాడు గంజి చెంబు తీసుకుని ఆమె ఇంటికే పోయాను. "ఒక్కణ్ణే తినలేకపోతున్నా అవ్వా, నువ్వు వడ్డించు" అన్నాను. అది అబద్ధమూ కాదు. ముందు నాకు పోసి, తర్వాత తాను తాగింది. ఇక రోజూ అంతే. తక్కిన ఇళ్లకూ కుండ ఇంటికే పంపి, ఆ ఇంటి ఆడవాళ్ల చేతే వడ్డింపించాను. "జొన్నలు పండినాక మా సంగటి తిందువు" అనేది అవ్వ.

ఆఖరికి వాన పడింది. వాన పడితే కరువు పోయినట్టేనని పైవాళ్ల లెక్క. కేంద్రం మూసేయమని ఆర్డరు వచ్చింది. విత్తిన జొన్న కంకి వేసేదాకా వీళ్లేం తింటారని రాశాను. దానికి జవాబు రాలేదు, నాకు బదిలీ మాత్రం వచ్చింది.

పొయ్యి ఆరిన మధ్యాహ్నమే అవ్వ తలుపు మళ్లీ పడింది. బయలుదేరేటప్పుడు, నా తిండికి తెచ్చుకున్న బియ్యం మూటగట్టి ఆమె అరుగు మీద పెట్టి పిలిచాను.

"ఆ మూట తీసకపో నాయనా" అంది లోపల్నుంచి. "చుట్టానికి పెట్టకుండా చుట్టం సొమ్ము తింటామా? పంటొచ్చినాక రా."

నన్ను ఆ ఊళ్లో చుట్టమన్నది ఆమె ఒక్కతే. మూట అక్కడే వదిలి నడిచాను. గడియ తీసిన చప్పుడు కోసం వీధి మలుపు దాకా చెవి వెనక్కే ఉంది. వినబడలేదు.