కంపెనీ కత్తికి మా ఇంటి పిడి

1949వ సంవత్సరం. చలి వెనకపట్టి ఎండ ముదురుతున్న రోజులు. పోలీసు యాక్షన్ జరిగి కొన్ని నెలలే అయింది. నల్లగొండ జిల్లాలో, చౌటుప్పల్‌కు నడిచిపోయేంత దూరంలో ఉన్న ఊళ్ళో మాది కమ్మరి ఇల్లు. వాకిట్లోనే కొలిమి. ఇనుము కాల్చి సాగగొట్టడం మా ఆయన పని. తిత్తి ఊదడం, సాన పట్టడం, పిడి చెక్కి బిగించడం నా పని. నేను బడి మొహం చూడలేదు. అక్షరాలూ, పిడి చెక్కడమూ రెండూ మా బాపు ఇంటి దగ్గరే నేర్పాడు. పొద్దున్నే దాగలికి, అంటే ఇనుము పెట్టి కొట్టే దిమ్మెకు, పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకున్నాకే నిప్పు రాజేసేవాళ్ళం. నాకు తెలిసిన పెద్ద పూజ అదే.

చేత్తో చేసిన కత్తి కొనుక్కోవాలా, కంపెనీ కత్తి కొనుక్కోవాలా అని ఇప్పటి ఆడపిల్లలు నన్ను అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేను. ఆ ఏడు మా ఊరి కల్లు గీసే నర్సయ్య గౌడుకు నేను పెట్టిన పిడి సంగతి చెబితే జవాబు అందులోనే ఉంటుంది.

ముందు మా పద్ధతి చెప్పాలి. కత్తి చేయించుకునే మనిషి వస్తే ఎంత పొడుగు, ఎంత వెడల్పు అని నేను అడిగేదాన్ని కాదు. తడిపిన బంకమట్టి ముద్ద చేతికిచ్చి, కత్తి పట్టినట్టే గట్టిగా పిడికిలి బిగించమనేదాన్ని. వేళ్ళ గుర్తులు పడ్డ ఆ ముద్దను నీడన ఆరబెట్టి, దాన్ని చూస్తూ తుమ్మ చెక్కతో పిడి చెక్కేదాన్ని. ఇప్పుడు గ్రిప్ అంటున్నారే, అదంతా ఆ మట్టిముద్దలో ఉండేది. ఒకరి కత్తి ఇంకొకరి చేతిలో ఇమిడేది కాదు. ఆ మాట మీద నాకు గర్వంగా కూడా ఉండేది.

ఆ గర్వానికి దెబ్బ మా ఇంట్లోంచే తగిలింది. మా మరిది సుత్తె పక్కన పడేసి, సంతకు వెళ్ళే దారి మీద ఇనుప సామాను దుకాణం పెట్టాడు. కూర్చుని అమ్మేది మా తోడికోడలు యాదమ్మ. పట్నం నుంచి తెచ్చిన కంపెనీ కత్తులు, ఇత్తడి రివిట్లు బిగించినవి, వరసగా వేలాడదీసింది. రివిట్ అంటే పిడిని ఇనుముకు పట్టి ఉంచే మేకు. అద్దంలా మెరిసే ఆ కత్తుల కింద యాదమ్మ ఉతికిన చీర కట్టుకుని కూర్చునేది. నా చీరకు ఎప్పుడూ మసి. తన చేతులకు గాజులు నిండుగా ఉండేవి. నావి నిప్పురవ్వలు పడి మచ్చలు తేలిన చేతులు. దేవుడికి దండం పెట్టేటప్పుడు కూడా ఆ గాజుల చప్పుడే చెవిలో మోగేది.

దానికి తోడు మా చేతులు కట్టేసినట్టయింది. ఊరి బయట మిలిటరీ క్యాంపు దిగింది. సంఘం వాళ్ళ కోసం, అంటే కమ్యూనిస్టుల కోసం, గాలింపు ఇంకా ఆగలేదు. కొలిమిలో నాగలి కర్రులు తప్ప మరేదీ కొట్టొద్దని ఉత్తరువు. ఇంటింటికీ తిరిగి చేత్తో చేసిన కత్తులన్నీ పట్టుకుపోయారు. కంపెనీ ముద్ర ఉన్న కత్తి అయితే సంసారుల సామాను కింద వదిలేసేవాళ్ళు. అంటే నా కత్తి దొంగ, యాదమ్మ కత్తి దొర. కడుపు మండకుండా ఎట్లా ఉంటుంది?

నర్సన్న కత్తీ ఆ కుప్పలోనే పోయింది. నర్సయ్యను నేను నర్సన్న అనేదాన్ని. అతను నన్ను చెల్లె అనేవాడు, మా ఆయన్ను బావా అనేవాడు. అంతకు ముందు ఏడే రజాకార్లు అతన్ని పట్టుకుని, తాటివనంలో ఎవరు దాక్కుంటున్నారో చెప్పమని తుపాకీ మడమతో కుడిచెయ్యి చితక్కొట్టారు. అతను చెప్పలేదు. చిటికెన వేలూ దాని పక్క వేలూ విరిగి, అతుక్కున్నాయి గాని వంగడం మానేశాయి. ఈ కథంతా ఆ రెండు వేళ్ళదే.

ఒకరోజు నర్సన్న మా కొలిమి ముందు నుంచే పోయాడు. తల పక్కకు తిప్పుకుని, నడక పెంచి పోయాడు. నడుముకు మెరుస్తూ యాదమ్మ దుకాణం కత్తి. మేము కత్తి కొట్టలేమని నాకు తెలుసు. అతనికి వేరే దారి లేదనీ తెలుసు. అయినా సొంత అన్న పరాయింటి భోజనానికి పోయినట్టు అనిపించింది. ఆ పూట తిత్తి ఎంత విసురుగా ఊదానో, “బొగ్గులన్ని అంగట్ల పడ్తున్నయే” అని మా ఆయన నవ్వారు.

రెండు రోజులు తిరక్కుండానే నర్సన్న వచ్చి కొలిమి ముందు గొంతుక్కూర్చున్నాడు. మొహం పాలిపోయి ఉంది.

“చెల్లె, పిడి బెట్టియ్యాలె.”

“దేనికన్నా?”

“గీ కత్తికే.” నడుము నుంచి తీసి కింద పెట్టాడు.

“అమ్మినోళ్ళనే అడుగరాదు? మెరుపు వాళ్ళది, పిడి మాదా?”

“తిట్టు చెల్లె, తిట్టు. తిట్టుకుంటనే జర ఇను. పొద్దుగాల చెట్టెక్కిన. గెల చెక్కుతుంటె కత్తి చేతుల్నే గిర్రున తిరిగి జారింది. కింద లొట్టి పగిలింది. మా ఇంటామె గా లొట్టి కాడ్నే నిలబడ్డది. జానెడు అటైతె... పట్టుకోవాల్నని వంగిన. మోకు జారింది. ఎట్ల ఆగిన్నో ఎల్లమ్మ తల్లికే తెలుసు.”

కల్లు గీత తెలియనివాళ్ళ కోసం చెబుతాను. లొట్టి అంటే కల్లు కుండ, మోకు అంటే చెట్టెక్కేటప్పుడు నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడు. తాటిగెలను పూటపూటకూ పలుచగా చెక్కుతుండాలి. నాలుగు పూటలు మానేస్తే గెల ఎండిపోతుంది, ఆ ఏటికి ఆ చెట్టు పోయినట్టే. నర్సన్న ఇంట్లో అందరి కడుపులూ ఆ చెట్ల మీదే. చెక్కకపోతే పస్తు, ఆ కత్తితో ఎక్కితే చావు. సంగతి అంతవరకు వచ్చింది.

మా ఆయన కత్తి తీసుకుని గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నారు. అంచు మీద బొటనవేలు నడిపారు. నేను ఆయన నోటి వంకే చూస్తున్నాను. పనికిరాదు అనాలని ఎదురుచూస్తున్నాను.

“ఉక్కు మంచిదే” అన్నారు. “గింత సమంగ పదును దేవాలంటె నాతోని గాదు.”

నా మొగుడి నోటితోనే ఆ మాట వినాల్సి వచ్చింది. గిన్నెడు నీళ్ళు తాగి వచ్చి, మట్టి పిసికాను.

నర్సన్న ముద్దను బిగించి ఇచ్చాడు. మూడు వేళ్ళ గుర్తులే లోతుగా పడ్డాయి. కింది రెండు వేళ్ళ జాగా నున్నగా ఉంది. పనిముట్టును బిగించి పట్టేది కింది వేళ్ళే. చూపుడువేలూ బొటనవేలూ దారి చూపిస్తాయంతే. కంపెనీ వాడు గుండ్రటి పిడి చేశాడు, అయిదు వేళ్ళు వంగే చేతికి. ఈ చేతిలో అది తిరగక ఏం చేస్తుంది? తప్పు కత్తిది కాదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు.

రివిట్లు కొట్టి ఊడదీసి, కొత్త పిడికి చెక్క తీసుకున్నాను. వెనక భాగం కొక్కెంలా వంచి, వంగని వేళ్ళ కింద అరచేతి మడమకు తగులుకునేట్టు చెక్కాను. కత్తి ముందుకు జారకుండా అది ఆపుతుంది. కానీ తిరగకుండా ఆపాలంటే బొటనవేలికి గట్టి ఆనిక కావాలి. అందుకు పిడిని ముందుకు పొడిగించాలి. పొడిగిస్తే అది ఇనుము మీద ఉన్న కంపెనీ ముద్రను కప్పేస్తుంది. ఆ సంగతి గమనించగానే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ముద్ర మీద నా చెక్క! చెక్క మీద గీత గీసి ఉలి ఎత్తాను.

అప్పుడే వాకిట్లో గాజుల చప్పుడు.

“ఏమక్కా, నా కత్తికి వంక బెడుతున్నవంట?”

“నీ కత్తికి ఏం వంక లేదు. నీ కంపెనోడు నర్సన్న చెయ్యి సూడలే, అంతే.”

“లోకంల ఉన్న చేతులన్ని సూసి చేస్తరా ఎవరన్న?”

“మేం చేస్తం.”

“మీరు చేస్తరు, ఏడాదికి పది. మన మామ గట్లనే చేసి చేసి కడుపు మాడ్చుకున్నడు.” నవ్వుతూనే అంది. కూర్చుని, పిడిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. గీత చూసి నవ్వు ఆపేసింది. “అక్కా, గిక్కడి దాక చెక్క అస్తదా?”

“అస్తది. ఏం? నీ ముద్ర కనబడకపోతె నీ దుకాణం మునుగుతదా?”

“నా దుకాణం ముచ్చట కాదే. ముద్ర కనబడకపోతె క్యాంపోళ్ళు గుంజుకుంటరు. గీ వంకర పిడి సూస్తె ఇంక అనుమానం. కత్తి ఒక్కటే గుంజుకుంటరా, మనిషిని గుంజుకపోరా?”

ఉలి చేతిలోనే ఉండిపోయింది. తన సరుకు పేరు కోసమే అంటోందనుకోవాలని ఎంత ప్రయత్నించినా, మాట నిజమని తెలుస్తూనే ఉంది. చెక్క తెలిసిన నాకు తట్టని సంగతి కత్తులు అమ్మేదానికి తట్టింది. ఆ మెరుపు మీద పడ్డ అసూయ ఇప్పుడు దాని తెలివి మీదికి మళ్ళింది.

“అయితె బొటనవేలు యాడ పెట్టాలె మరి?” అన్నాను, కోపంగానే.

దానికి జవాబు చెప్పాల్సింది నేను. పిడిని రెండు వైపులా ముందుకు పోనిచ్చి, ముద్ర ఉన్నచోట మాత్రం చెక్కను బొటనవేలంత గుంటగా తొలిచాను. గుంట అడుగున ఇనుము, ఇనుము మీద ముద్ర. నర్సన్నను పట్టి చూడమన్నాను. బొటనవేలు గుంటలో కూర్చుంది. ముద్రలోని అక్షరాలు గరుకుగా ఉండటంతో జారలేదు. నర్సన్న మణికట్టు తిప్పి చూశాడు, విదిలించి చూశాడు. కత్తి చేతిలోంచి కదల్లేదు.

“చెల్లె, ఇరిగిన ఏళ్ళు మర్శిపోయిన” అన్నాడు.

పొద్దు వాలకముందే వనానికి పోయాం. మా ఆయన, నర్సన్న భార్య, నేను, యాదమ్మ. వద్దన్నా యాదమ్మ వచ్చింది. నర్సన్న మోకు బిగించి ఎక్కుతుంటే అతని చేతినే చూస్తూ నిలబడ్డాను. దేవుడి పేరు తలుచుకుందామన్నా నోరు పెగల్లేదు. తోడికోడళ్ళం ఇద్దరం ఎప్పుడు చేతులు పట్టుకున్నామో నాకు తెలియదు. పైన గెల దగ్గర అతని చెయ్యి ఆడింది. తమలపాకు కన్నా పలుచటి చెక్కుముక్క గాల్లో తిరుగుతూ వచ్చి మా ముందు పడింది. ఇంకోటి పడింది. ఇంకోటి.

తిరిగి వచ్చేటప్పుడు క్యాంపు దగ్గర జవాను ఆపాడు. వంకర పిడి చూసి కనుబొమ్మలు ముడిచాడు. గుంటలో బొటనవేలు పెట్టి రుద్ది, ముద్ర చదువుకుని, పొమ్మని చెయ్యి ఊపాడు. నర్సన్న భార్య అక్కడే నేలకు దండం పెట్టింది.

మర్నాటి నుంచి ఊళ్ళో ఒకటే మాట, నర్సయ్యకు మస్తు కత్తి దొరికిందట యాదమ్మ దుకాణంలో అని. పిడి మాట ఎత్తిన నోరు లేదు. నేను అలిగి పడుకున్నాను. ఆ తరవాత తెలిసింది, అడగవచ్చిన ప్రతివాడికీ యాదమ్మ “కత్తి నా కాడ దొరుకుతది, చెయ్యి మాత్రం మా అక్క కాడ సూపించుకోపో” అని చెబుతోందని. అట్లా చెప్పగలిగే మనసు నాకెందుకు లేదని మళ్ళీ ఈర్ష్యపడ్డాను. ఆ మాట విని వచ్చిన పిడి పనులతో ఆ ఏడంతా కొలిమి చల్లారకుండా బతికామంటే దాని చలవే. ఆ రుణం నోరు తెరిచి చెప్పలేకపోయినా, ఏ రోజూ మరిచిపోలేదు.

కత్తి కొనేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఇనుము ఎవరు చేశారన్నది రెండో ప్రశ్న. పని చేసే చెయ్యి ఎట్లాంటిదన్నది మొదటి ప్రశ్న. మామూలు చెయ్యి, మామూలు పని అయితే కంపెనీ కత్తి కొనుక్కోండి, మంచి ఉక్కు, తక్కువేం కాదు. చేతికి లోపమున్నా, ప్రాణం ఆ కత్తి మీద వేలాడుతున్నా, పిడి మాత్రం మీ చెయ్యి చూసిన మనిషితో చేయించుకోండి.

ఇక నా మటుకు నేను నేర్చుకున్నది వేరే ఉంది. అసూయ పాపమని చిన్నప్పటి నుంచి విన్నాను, దాన్ని తీసెయ్యమని దేవుణ్ణి చాలాసార్లు వేడుకున్నాను కూడా. కానీ ఆ పిడి మీద నేను పెట్టిన శ్రద్ధలో సగం నర్సన్న ప్రాణం కోసమైతే, మిగతా సగం యాదమ్మ కళ్ళ ముందు ఓడిపోకూడదనే. చెట్టు మీద అతన్ని నిలబెట్టింది ఏ సగమో నాకు తెలియదు. అందుకే ఆ వేడుకోలు మానేశాను. దేవుడు ఇచ్చిన పనితనానికీ, తీసెయ్యని అసూయకూ కలిపి ఒకే దండం పెట్టుకుంటున్నాను.