మా తాతగారి ఏనుగు

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. కోతలు కోయడంలో ఈ కెనడా ఊరు స్కార్‌బరోలో నన్ను మించినవాడు లేడని పేరు. అందుకే ఈ ఒక్క నిజం ఎవరికి చెప్పినా నమ్మరేమో. మీరు నమ్మండి.

మా లైబ్రరీలో నెలకోసారి కొందరు తెలుగువాళ్లం కూడి విక్టోరియా రాణి కాలపు ఇంగ్లీషు నవలలు చదువుతాం. వాటిలో దిక్కులేని కుర్రవాడు చివరి అధ్యాయంలో గొప్పింటి బిడ్డని తేలుతుంది. నేను అంతదాకా ఆగలేదు. మొదటి రోజే జమీందారు మనవణ్ణయిపోయాను. మా తాతగారి ఏనుగు ఏకాదశినాడు అరటిపండు ముట్టేది కాదంటే అందరూ పగలబడి నవ్వారు. ఏనుగును నమ్మలేదు, జమీందారును నమ్మారు.

నిజానికి మాది ఇస్త్రీ బండి. నాన్న పోయాక మా అక్క ఆ బండి దగ్గర నిలబడి, బొగ్గుల ఇస్త్రీపెట్టె తోసి తోసి నన్ను ఇంజనీరును చేసింది.

ఆ అక్క తొమ్మిదేళ్ల కిందట విజిటర్ వీసా మీద నా దగ్గరికి వచ్చింది. ఇంట్లో ఒక్కతే ఉండలేనంటే లైబ్రరీకి వెంట తీసుకెళ్లాను. ఆ రోజు నవలలో, పైకెదిగిన ఒకడు తనను పెంచిన మనిషిని నలుగురిలో ఎరగనట్టు నటిస్తాడు. కృతఘ్నుడని బల్ల గుద్ది మరీ తిట్టాను. తర్వాత టీ తాగుతుంటే, అక్క కుర్చీ మీద నలిగి ఉన్న శాలువా తీసి, అరచేత్తో సాపుచేసి, అంచుకు అంచు కలిపి మడతపెట్టింది. నలిగిన బట్ట కనబడితే ఆమె చెయ్యి ఊరుకోదు.

శాలువా మాతోపాటు నవలలు చదివే సరళగారిది. "అబ్బ, షాపులో మడతలా ఉందండీ! ఎవరండీ ఈవిడ?"

"మా ఇంట్లో ఎప్పట్నుంచో పనిచేసే మనిషండీ."

నోరు జారలేదు. ఆలోచించే అన్నాను. ఒక్క నిజం ఒప్పుకుంటే ఏనుగుతో సహా అంతా కూలుతుందనా, లేక ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నా చొక్కా మడతల్లో బొగ్గు వాసన పసిగడతారనా?

అక్క నా వంక ఒక్క క్షణం చూసింది.

"అవునమ్మా. బాబుగార్ని ఈ చంకనే మోశాను" అంది.

తిరిగొస్తుంటే బస్సులో నా భుజం తట్టి, "బాబుగారూ, స్టాపొచ్చింది, దిగండి" అంది. నవ్వుతూనే.

ఇప్పటికీ ఆదివారం ఫోన్‌లో "బాబుగారు భోంచేశారా?" అని అడుగుతుంది. వేళాకోళమా? శిక్షా? అడిగే ధైర్యం లేదు. ఇన్ని కథలు చెప్పే నోటితో "ఆఁ" అని ఊరుకుంటాను.

నవలలో వాడు చివరికి వెళ్లి ఆ మనిషి కాళ్లమీద పడ్డాడు. నేను పడలేదు. క్షమించమని మిమ్మల్నీ అడగను, అది మీ చేతిలో లేదు.

ఏనుగు లేదు. జమీందారు లేడు. ఆవిడ మా అక్క.

మూడే మాటలు. బయటికి రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. గొంతు కాస్త వదులైంది.